గార

కొర్లగుంటలో నా క్లినిక్ బోర్డు మీద
"ఇక్కడ పళ్లు కట్టబడును" అని ఉంటుంది.
మంగళవారం, కరెంటు పోయిన మధ్యాహ్నం,
జ్ఞానాంబ మేడం ఒక బూట్ల డబ్బా తెచ్చి
బల్ల మీద పెట్టింది.
"ఎక్స్‌రే తియ్యాలి. పేషెంటు కదలదులే."

దూదిలో ఒక కింది దవడ.
దిన్నెమీదపల్లె గుట్ట వెనక
పాండవ గుళ్లంటారే, ఆ రాతి పలకల కింద దొరికిందట.
తవ్వుతున్న మొగిలప్ప
పార పక్కన పెట్టి, ముందు చెప్పులు విప్పాడట.
ఎన్నేళ్లదని అడిగాను.
"రెండు వేలు దాటుంటుంది. ఎంత దాటిందో ఆమె చెప్పదు."
ఆమె, అంది.
అప్పటిదాకా అది నాకు ఎముకే.

కరెంటొచ్చింది. దీపం కిందికి వంచి
అలవాటు కొద్దీ "నోరు తెరువమ్మా" అనబోయి
ఆగాను.

నమిలే పళ్లన్నీ నున్నగా అరిగిపోయాయి.
కొర్రలు నూరిన బండ
తానూ కొంచెం పిండై
ప్రతి ముద్దలో ఇసుకగా కలిసింది.
మనిషి బండను అరగదీసింది, బండ మనిషిని.

పదకొండు పళ్లున్నాయి, రెండు పుచ్చినవి.
ఐదు చోట్ల ఎముక పూడుకుపోయింది,
బతికుండగానే ఊడినవి.
వేటాడి తిన్నవాళ్ల నోళ్లలో
ఇన్ని పుచ్చులు కనపడవంది మేడం.
గింజ నాటి, కాపు కాచి, కుండలో దాచి,
మెత్తటి జావకు మరిగాక వచ్చిన జబ్బిది.
పన్నుకి మన భాషలో రెండర్థాలు.
రాజు పుట్టకముందే
పంట కోసం పన్ను కట్టింది ఈమె.

ముందు పళ్ల మీద అడ్డంగా గీతలు.
గోటితో తడిమాను.
పాలు మానిన ఏడు ఒకటి,
ఆ తర్వాతెప్పుడో మరొకటి.
జ్వరమో, వాన రాని ఏడో,
అడుగంటిన గరిసెలో.
పిల్ల బతికింది గానీ
పింగాణి ఆ నెలల్లో పెరగడం మరిచింది.
విరిగిన ఎముక అతుక్కుంటుంది, పన్ను మానదు.
ఈ వాక్యం పరీక్షలో రాశాను ఒకప్పుడు.
మార్కులు కూడా వచ్చాయి.

మేడం సన్నటి సూదితో చిటికెడు గార గీకింది.
మైక్రోస్కోపు కింద పెడితే
కొర్రలో, ఉలవలో, ఏవి తిన్నదో తెలుస్తుందట.
రోజుకి ఇరవై నోళ్లలో దాన్నే గీకి
కసిరి, ఉమ్మించి, నీళ్లు వదిలేస్తాను నేను.
గార పూస్తే గోడ నిలుస్తుందని తెలుసు.
నోటి గారలో
ఒక ఊరి చేను నిలిచి ఉంటుందని తెలీదు.

ఇంకొకటి.
ముందు పంటి అంచున చిన్న గాడి.
"ఇది తిండి వల్ల కాదు. నారో దారమో
పంటితో పట్టి లాగి లాగి..."
మేడం చెబుతూనే ఉంది.
నేను వినడం లేదు, ఆ గాడి నాకు తెలుసు.

బయట బెంచీ మీద గంట నుంచీ కూర్చుని ఉంది
పూలమార్కెట్టు దొరసానమ్మ,
చెంప వాచి, ఒళ్లో కనకాంబరాలు కడుతూ.
కత్తెర వాడదు.
మూరకొకసారి దారం పంటికిస్తుంది, కటుక్కున.
ముప్పై ఏళ్లుగా.

లోపలికొచ్చి డబ్బాలోకి తొంగి చూసింది.
"ఎవురిది డాక్టరమ్మా?"
"నీలాగే దారం కొరికేది."
భయపడలేదు.
నాలుకతో తన గాడి తడుముకుంది.
"పూలకేనా?"
తెలీదన్నాను.
"బుట్టలకైనా అయ్యుంటాది," తనే సర్దిచెప్పింది.
"ఈ మూల పుచ్చు సూడు.
రాత్రిళ్లు నిద్రపొయ్యుండదు పాపం.
లవంగం పెట్టేవాళ్లు ఉండారో లేదో."

కుర్చీలో వెనక్కి వాలింది.
దీపం ఆమె వైపు తిప్పాను.
గీతలున్నాయి.
రెండు కాదు, మూడు.

మత్తు ఎక్కేదాకా
ఆమె వేళ్లు పూలు కడుతూనే ఉన్నాయి.